అద్దాలు పీకేస్తే రేసర్ అయిపోరు

మా షెడ్డుకు వచ్చే కుర్రాళ్ల కోరికలు నాకు కంఠతా వచ్చు. "అన్నా, అద్దాలు పీకెయ్. సైలెన్సర్ మార్చు. వెనక మడ్‌గార్డ్ తీసేసి నంబర్ ప్లేట్ లోపలికి మడిచెయ్." ఎందుకురా అంటే, రేస్ బైకులు అట్లనే ఉంటయి కదా అంటారు. నిజమే, ఉంటాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు బండ్లు తయారుచేసి తీసుకెళ్లే పని కూడా నాకుంది కాబట్టి అద్దాలు తీయడం నాకేం కొత్త కాదు. అక్కడ ఎందుకు తీస్తామో, ఇక్కడ ఎందుకు తీయిస్తున్నారో తెలిస్తే రోడ్డు రేసుల గొడవంతా అర్థమైపోతుంది.

ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కున పోతారు. ముందువాడిని చూసుకుని దాటాల్సిన పూచీ వెనకవాడిది. బండి పడితే అద్దం పగిలి గాజుముక్కలు దారంతా చెదురుతాయి. అందుకే తీసేస్తాం. హెడ్‌లైటుకు టేపు చుట్టేదీ అందుకే. రేడియేటర్‌లో కూలెంట్ వంపేసి ఉత్త నీళ్లు పోస్తాం, కూలెంట్ కారిన తారు మీద టైరు నిలవదు కనుక. ఇంజన్ కింద ఆయిల్ డ్రెయిన్ బోల్టు తలకు సన్నని బెజ్జం వేసి, స్టీలు తీగ దూర్చి, ప్లయర్‌తో మెలితిప్పి కట్టేస్తాం. బోల్టు వదులైనా ఊడి పడకూడదు. రేసుకు ముందు తనిఖీ చేసే ఆయన వంగి ఆ తీగను వేలితో లాగి చూస్తాడు. కదిలిందా, బండి ట్రాక్ ఎక్కదు. ఓనర్ ఎంతటివాడైనా సరే.

ఈ పనుల్లో ఒక్కటీ బండి వేగం పెంచేది కాదు. అన్నీ వెనక వచ్చేవాడి ప్రాణం కోసమే. ఆ తీగ కట్టడానికి అయ్యే ఖర్చు ఎంతో కాదు. అయినా కట్టమని అడిగిన రోడ్డు రేసర్ నాకింతవరకు తగల్లేదు. మన పిల్లలు ట్రాక్ నుంచి వేషం తెచ్చుకున్నారు కానీ భయం తెచ్చుకోలేదు.

హైదరాబాద్‌లో రాయదుర్గం నాలెడ్జ్ సిటీ, టీ-హబ్ వైపు రోడ్లలో వారాంతపు రాత్రులు ఎలాంటి బైకు రేసులు జరుగుతాయో సైబరాబాద్ పోలీసులకు కొత్తగా చెప్పాల్సింది లేదు. ఎన్నిసార్లు బండ్లు సీజ్ చేసినా మళ్లీ గుంపు చేరుతూనే ఉంది. ఆ వేళ రోడ్డు ఖాళీ అన్నది వాళ్ల వాదన. తెల్లవారుజామున చీపురు పట్టుకుని డివైడర్ పక్కన వంగి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు వాళ్ల లెక్కలో లేదు. పాల వ్యాను లేదు, నైట్ షిఫ్ట్ దింపి వస్తున్న క్యాబ్ డ్రైవర్ లేడు. రేసర్ అయితే పోటీ ఫారం మీద తనకు తెలిసే సంతకం పెడతాడు. వీళ్లు ఏ ఫారం మీద పెట్టారు?

గంటకు 120 కిలోమీటర్లంటే సెకనుకు 33 మీటర్లు. ఎదురుగా మనిషి ఉన్నాడని పోల్చుకుని బ్రేకు నొక్కేసరికి సెకనున్నర పట్టినా 50 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు, మంచి టైరు ఉన్నా బండి ఆగడానికి ఇంకో 80 మీటర్లు కావాలి. మొత్తం 130. అదే 60లో వెళ్తే 45 మీటర్లలో ఆగుతుంది. హెడ్‌లైటు డిమ్‌లో 130 మీటర్ల దూరం కనబడదు. కనబడనిదాన్ని ఎంత మొనగాడైనా తప్పించలేడు.

ట్రాక్ మీద చావులు లేవని నేననను. 2023లోనే ఇరుంగాట్టుకోట్టైలో జనవరిలో ఒక సీనియర్ రేసర్, ఆగస్టులో పదమూడేళ్ల బెంగళూరు కుర్రాడు పోయారు. అంబులెన్స్, డాక్టర్లు, జెండాలతో మార్షల్స్ అందరూ ఉన్నా ఆ ప్రాణాలు దక్కలేదు. అంత ఏర్పాటున్న చోటే అలా అయితే, ఏదీ లేని చోట ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఇంకో తేడా కూడా ఉంది. అక్కడ ప్రాణం పోతే ఆనాటి మిగతా పోటీలన్నీ ఆపేశారు. ఇక్కడ ఒకడు పడగానే మిగతావాళ్లు బండ్లు తిప్పుకుని మాయమైపోతారు.

రోడ్డు ఎప్పటికీ ట్రాక్ కాలేదా అంటే అవుతుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ కార్ల రేసు జరిగింది, మనం రోజూ తిరిగే రోడ్డు మీదే. 2.8 కిలోమీటర్ల పొడవునా కాంక్రీటు దిమ్మెలు, వాటి మీద ఇనుప కంచె పెట్టారు. ట్రాఫిక్ మళ్లించారు. జనం తిట్టుకున్నారు కూడా. కార్లు వదిలే ముందు ఇంత హంగామా తప్పదు మరి.

మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రోడ్డు మీద పందెం వేస్తే తొలిసారి మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. కుర్రాళ్లు బిగించుకునే సైలెన్సరే చాలాసార్లు అంతకంటే ఖరీదు. జరిమానా ఒక్కటే అయితే ఎవడూ వెనక్కి తగ్గడు. బండి నెలల తరబడి స్టేషన్‌లో ఉండాలి, లైసెన్సు పోవాలి. నంబర్ ప్లేటు మడిచిచ్చే మెకానిక్కునూ వదలొద్దు. రోడ్డు మీద తిరిగే బండికి నేను అద్దాలు తీయను, ప్లేటు ముట్టుకోను. గిరాకీ పక్క షెడ్డుకు పోతుంది, పోనీ.

"ట్రాక్ ఎక్కడుందన్నా, చెన్నై దాకా పోయేంత డబ్బు మాకెక్కడిది" అంటారు పిల్లలు. ఆ మాటలో న్యాయం ఉంది. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ కూడా మొదట సొంత ట్రాక్‌తో మొదలు కాలేదు. షోలవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద ఏళ్ల తరబడి పోటీలు నడిపింది. ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ వచ్చింది 1990లో. మన దగ్గరా నెలకో ఆదివారం, కంచె వేయగలిగిన ఒక తిన్నని దారి, ఒక అంబులెన్స్, తీగ లాగి చూసే ఒక కఠినమైన మనిషి ఉంటే చాలు. కుర్రాళ్లు భరించగలిగే ఫీజు పెట్టండి. తనిఖీలో నెగ్గని బండిని వెనక్కి పంపండి. అప్పుడు కూడా రాత్రిపూట రోడ్డెక్కేవాడికి కావలసింది రేసు కాదు, చూసి కేకలేసే జనం. వాడి సంగతి పోలీసులే చూసుకోవాలి.