స్కైరిమ్ మంచి ఆటే, కానీ...

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు పాత విద్యార్థులుగా ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు, ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తామని మేమే అడిగాం. వార్డెన్ గారు కాసేపు ఆలోచించి, "రాయండి. కానీ ఒట్టి పొగడ్త వద్దు, చెడు కూడా రాయాలి. పదో తరగతి పిల్లలు చదువుతారు" అన్నారు. ఆ షరతు మాకు కష్టమనిపించలేదు. ఎందుకంటే ఈ ఆటను ఎంత ఇష్టంగా ఆడామో, దానితో అంతగా పోట్లాడాం కూడా.

ఆట పేరు స్కైరిమ్. ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ అనే వరుసలో ఐదోది. అమెరికాలోని బెథెస్డా గేమ్ స్టూడియోస్ తయారు చేయగా 2011 నవంబరు 11న విడుదలైంది. టాడ్ హోవర్డ్ దీనికి దర్శకుడు. 2016లో మెరుగు పెట్టిన స్పెషల్ ఎడిషన్ వచ్చింది. అన్ని రకాల యంత్రాల మీదా కలిపి 6 కోట్ల కాపీలు దాటాయని 2023లో హోవర్డ్ చెప్పాడు. మేము ఆడింది మాత్రం 2011 నాటి పాతదే. దానికి 2 జీబీ ర్యామ్, 6 జీబీ ఖాళీ, ఓ మోస్తరు గ్రాఫిక్స్ కార్డు ఉంటే చాలు. డిగ్రీ రోజుల్లో మేము ఐదుగురం చందాలు వేసుకుని కొన్న సెకండ్ హ్యాండ్ కంప్యూటర్‌లో అంతకు మించి ఏమీ లేదు. కీబోర్డులో ఒక మీట పనిచేసేది కాదు. వంతులు వేసుకుని ఆడేవాళ్ళం. ఒకరు ఆడుతుంటే నలుగురు వెనక నిలబడి సలహాలు ఇచ్చేవాళ్ళు. అసలు ఆటకన్నా ఆ సలహాలే ఎక్కువ.

చిన్నప్పుడు వీడియో గేమ్ షాపుల్లో చూసిన ఆటల్లో ఎడమ నుంచి కుడికి పరిగెత్తడమే ఉండేది. ఇందులో అలా కాదు. మంచుకొండలు, అడవులు, నదులు, ఊళ్ళు ఉన్న ఒక దేశాన్నే మన ముందు పెడతారు. కనబడుతున్న కొండ ఎక్కవచ్చు, ఆ పక్క గుహలో దూరవచ్చు, ముఖ్యమైన కథను గాలికి వదిలేసి గోధుమలు కోసుకుంటూ కూర్చోవచ్చు. దీన్నే ఓపెన్ వరల్డ్ ఆట అంటారు.

మొదలే మాకు భలే పట్టింది. చేతులు కట్టేసి బండిలో ఎక్కించి, హెల్గెన్ అనే ఊరికి తల నరకడానికి తీసుకుపోతుంటారు. అక్కడ సైనికుడు జాబితా చూస్తాడు. జాబితాలో మన పేరు ఉండదు. ఏం చేయాలని అడిగితే, జాబితా సంగతి వదిలెయ్, ఇతన్నీ నరకండి అంటుంది పై అధికారిణి. మేము పడీపడీ నవ్వాం. స్కాలర్‌షిప్ జాబితాలో పేరు లేకపోతే డబ్బు రాదని మనకందరికీ తెలుసు. పేరు లేకపోయినా తల మాత్రం పోతుందని అక్కడే తెలిసింది. ఈలోగా ఒక డ్రాగన్ వచ్చి ఊరిని తగలబెడుతుంది, మనం తప్పించుకుంటాం. ఆ డ్రాగన్ అల్డుయిన్, మనం డ్రాగన్ల ఆత్మలను గ్రహించగల డ్రాగన్‌బోర్న్. పెద్ద కథ అంతా అదే.

నిజం చెప్పాలంటే ఆ పెద్ద కథ మాకు అంత ముఖ్యం కాలేదు. మాకు నచ్చింది నేర్చుకునే పద్ధతి. పద్దెనిమిది విద్యలుంటాయి. ఏ పని చేస్తే ఆ విద్యే పెరుగుతుంది. కత్తి తిప్పితే కత్తిసాము, డాలు అడ్డం పెడితే కాచుకోవడం, కొలిమి దగ్గర కూర్చుంటే కమ్మరం. అభ్యాసం కూసు విద్య అని మన పెద్దవాళ్ళు అన్నదాన్ని లెక్కలు కట్టి చూపించినట్టుంటుంది. మందుల తయారీ ఇంకా బాగుంటుంది. దారిలో దొరికిన ఆకూ పువ్వూ కొరికి చూస్తే దాని గుణాల్లో ఒకటి తెలుస్తుంది. ఒక్కొక్కదానికి నాలుగు గుణాలు. నీలి కొండపువ్వును గోధుమతో కలిపితే ప్రాణం నిలిపే మందు తయారవుతుంది. ఇంట్లో అమ్మమ్మలు చేసే వైద్యం చూసిన మాకు ఇది పరాయిగా అనిపించలేదు.

అలాగే బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధిలో ఒక తలుపు ఉంటుంది. మూడు చక్రాల మీద బొమ్మలు సరిగ్గా తిప్పితేనే తెరుచుకుంటుంది. మేము గంటసేపు రకరకాలుగా తిప్పాం. తీరా చూస్తే జవాబు మా చేతిలో ఉన్న బంగారు గోరు అరచేతి మీదే చెక్కి ఉంది: ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ. ప్రశ్నపత్రం వెనకే జవాబు అచ్చేసి ఇచ్చినా చూసుకోని వాళ్ళమని ఒకరినొకరు తిట్టుకున్నాం.

ఆ లోకంలో వందల పుస్తకాలున్నాయి, తెరిచి చదవవచ్చు. చరిత్రలు, కట్టుకథలు, వంటలు కూడా. తెలుగు ఎక్కడా లేదు, అంతా ఇంగ్లీషే. మాలో ఇంగ్లీషంటే వణికిపోయే ఒకతను అడుగున వచ్చే మాటలు చదువుకుంటూ, డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆడాడు. ఇంటర్వ్యూలో ఇంగ్లీషు మాట్లాడగలిగానంటే సగం పుణ్యం ఆ ఆటదేనని ఇప్పటికీ అంటాడు. మిగతా సగం ఎవరిదో మాకూ తెలియదు.

జెరెమీ సోల్ కూర్చిన సంగీతం గురించి ఒక మాట చెప్పాలి. రాత్రిపూట ఆకాశంలో రెండు చందమామలు, పచ్చని వెలుగు తెరలు, వెనక ఆ సంగీతం. ఎవరూ సలహాలు ఇవ్వకుండా నిలబడింది అప్పుడే. నేల కింద బ్లాక్‌రీచ్ అనే గుహ ఉంటుంది. మనిషికన్నా ఎత్తైన పుట్టగొడుగులు దీపాల్లా వెలుగుతుంటాయి. అది చూసిన రోజు అన్నం తినడం మరిచిపోయాం.

ఇక చెడు. దెయ్యాల శవాలుండే సమాధులు పది చూశాక పదకొండోది చూడనక్కర్లేదు. మాట్లాడే గొంతులు కొన్నే, ఊరూరా అవే వినిపిస్తాయి. మోకాల్లో బాణం దిగిన కాపలావాడి మాట ప్రపంచమంతా నవ్వులాట అయింది. అంగడివాడి తల మీద బకెట్టు బోర్లిస్తే, వాడి ఎదుటే సరుకంతా ఎత్తుకుపోయినా వాడికి కనబడదు. రాక్షసుడు ఒక్క దెబ్బ వేస్తే మనిషి ఆకాశంలోకి ఎగిరిపోతాడు. ఇవి తప్పులే, కానీ నవ్వు తెప్పించే తప్పులు. ప్లేస్టేషన్ 3లో ఆడినవాళ్ళకు మాత్రం నవ్వు రాలేదు. ఆట ముందుకు పోయేకొద్దీ నత్తలా నడిచేది. హై హ్రోత్‌గార్ మఠానికి ఏడు వేల మెట్లని చెబుతారు. ఎక్కి చూస్తే వెయ్యి కూడా ఉండవు. అలిపిరి దారిలో తిరుమల ఎక్కినవాళ్ళం, మెట్ల లెక్కలో మమ్మల్ని మోసం చేయడం కష్టం.

వీటికన్నా పెద్ద లోపం ఒకటుంది. మన మాటకు విలువ ఉన్నట్టు కనబడుతుంది, చాలాచోట్ల ఉండదు. వింటర్‌హోల్డ్‌లో మంత్రవిద్య కళాశాల ఉంది. గేటు దగ్గర ఒక మంత్రం చూపిస్తే చేర్చుకుంటారు. తర్వాత కత్తితోనే నెట్టుకొచ్చి కొన్ని పనులు చేసిపెడితే దానికే అధిపతిని చేస్తారు. తెల్లవారుజామున స్టడీ అవర్‌కు లేచి చదివిన మాకు ఇది కడుపు మండించింది. మరొకచోట పార్థర్‌నాక్స్ అనే ముసలి డ్రాగన్ ఉంటుంది. ఒకప్పుడు చేసిన పాపాలు వదిలేసి కొండ మీద ధ్యానంలో బతుకుతుంటుంది, మనకు సాయం చేస్తుంది. దాన్ని చంపితేనే మాట్లాడతామని బ్లేడ్స్ అనే దళం పట్టుబడుతుంది. చంపాలి, లేదా వాళ్ళతో తెగతెంపులు చేసుకోవాలి. వాళ్ళను కూర్చోబెట్టి నచ్చజెప్పే దారే పెట్టలేదు.

అసలు మేము ఈ వ్యాసం రాస్తున్నది విండ్‌హెల్మ్ కోసం.

విండ్‌హెల్మ్ ఆ దేశంలో పాత నగరం. నార్డ్ అనే తెల్లజాతివాళ్ళ తిరుగుబాటు నాయకుడు ఉల్‌ఫ్రిక్ ఉండేది అక్కడే. మొదటిసారి గేటు దాటి లోపలికి అడుగుపెట్టగానే ఇద్దరు నార్డ్‌లు ఒక బూడిదరంగు చర్మపు ఆవిడను నిలబెట్టి దబాయిస్తుంటారు. ఆమెది డార్క్ ఎల్ఫ్ జాతి. అగ్నిపర్వతం పేలి సొంత దేశం పాడైతే వలస వచ్చినవాళ్ళు. ఊళ్ళో ఒక మూల ఇరుకు సందుల్లో ఉంటారు, ఆ పేటకు గ్రే క్వార్టర్ అని పేరు. ఇంకా కింద ఆర్గోనియన్లు ఉంటారు. బల్లి ముఖం మనుషులు. వాళ్ళను గోడ లోపలికే రానివ్వరు. రేవులో మూటలు మోస్తారు, రేవు పక్కనే ఒక కొట్టంలో పడుకుంటారు. పిల్లి ముఖం ఖాజీట్ వర్తకులదీ అదే పరిస్థితి. ఏ నగరానికి పోయినా గోడ బయటే గుడారాలు వేసుకోవాలి.

ఆ రోజు మేము ఆట ఆపేశాం. మాలో నలుగురం ఊరికి చివర, వాడలో పుట్టినవాళ్ళం. అమెరికాలో ఎవరో కూర్చుని మంచుదేశం కథ అల్లుతూ గోడ బయట ఎవరుండాలో కూడా అల్లారంటే, ఆ సంగతి వాళ్ళకెలా తెలిసిందని ఆశ్చర్యపోయాం. డ్రాగన్లను చూపించడం ఎవరైనా చేస్తారు. మూటలు మోసేవాడిని చూపించినందుకు ఆ తయారీదార్లకు దండం పెట్టాలనిపించింది.

అంతటితో ఆగలేదు. రేవులో స్కౌట్స్ మెనీ మార్షెస్ అనే ఆర్గోనియన్ ఉంటాడు. నార్డ్ కూలీకి ఇచ్చే దాంట్లో పదో వంతే తమకు ఇస్తున్నారని చెబుతాడు. మనం టోర్‌బ్యోర్న్ అనే యజమాని దగ్గరికి వెళ్ళి న్యాయమైన కూలి ఇమ్మని అడగవచ్చు. మాటలతో ఒప్పించవచ్చు, బెదిరించవచ్చు, డబ్బిచ్చి ఒప్పించవచ్చు, పిడిగుద్దులకూ దిగవచ్చు. మేము పిడిగుద్దులే ఎంచుకున్నాం. కంప్యూటర్ ముందు ఐదుగురం వేసిన కేకలకు ఇంటి ఓనరు తలుపు కొట్టాడు. డ్రాగన్‌ను చంపినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు.

కూలి పెరిగింది. గోడ మాత్రం అలాగే ఉంది. లోపలికి రానివ్వమని అడగడానికి ఒక్క పనీ, ఒక్క మాటా ఆటలో దొరకలేదు.

మాలో ఒకతను పట్టుదలగా కొత్త ఆట మొదలుపెట్టి తానే ఆర్గోనియన్ వేషం వేశాడు. హెల్గెన్ సైనికుడు జాతి చూసి, రిఫ్టెన్ రేవు కూలీలకు చుట్టానివా అని అడిగాడు. బాగుంది, గుర్తుపట్టారు అనుకున్నాం. విండ్‌హెల్మ్ గేటు దగ్గర ఆపుతారని గుండె చిక్కబట్టుకుని వెళ్తే ఎవరూ ఆపలేదు. తలుపు తోసుకుని పోయాడు, సత్రంలో పడుకున్నాడు. పోనుపోను తిరుగుబాటు సైన్యంలో చేరాడు. ఆర్గోనియన్‌కు ఈ యుద్ధంతో ఏం పని అని ఒక్కసారి అడిగారు, తర్వాత మరిచిపోయారు. చివరికి స్టార్మ్‌బ్లేడ్ అనే పెద్ద బిరుదు ఇచ్చారు, అదే ఊళ్ళో ఇల్లు కొన్నాడు. అతని జాతివాళ్ళు మాత్రం రేవులోనే ఉన్నారు. ఆ కుర్చీలో కూర్చున్నది మీవాడే కదా అని వాళ్ళతో ఎవరూ అనలేదు, వాళ్ళూ అనుకోలేదు.

దీని మీద మాలో మాకు పడదు. ఇద్దరు అంటారు, ఇది లోపం కాదు, లోకం ఇలాగే ఉంటుంది, ఒకడు పైకొస్తే వాడ మారదని చూపించారని. మిగతా ముగ్గురం ఒప్పుకోం. చూపించాలని ఉంటే ఆటగాడిని కూడా గేటు దగ్గర ఆపేవాళ్ళు. డబ్బు పెట్టి కొన్నవాడికి కష్టం కలగకూడదని గోడను అతనికి మాత్రం తీసేశారు. అవమానాన్ని దూరం నుంచి చూసి జాలిపడే వీలిచ్చారు, పడే వీలు ఇవ్వలేదు, మార్చే వీలు అంతకన్నా ఇవ్వలేదు. ఉల్‌ఫ్రిక్ ఓడిపోయి, వలసవాళ్ళంటే దయ ఉన్న బ్రన్‌వుల్ఫ్ గద్దెక్కినా ఆ కొట్టంలో మంచాలు కదలవు. దొర మారితే ఏం మారుతుందో రాయడానికి వాళ్ళకు తీరిక లేకపోయిందని మా అనుమానం.

తమ్ముళ్ళకు ఒక సంగతి దాచకుండా చెప్పాలి. ఈ ఆటకు అంతు లేదు. ముఖ్య కథ అయిపోయినా చిన్న చిన్న పనులు కొత్తగా పుట్టిస్తూనే ఉంటుంది, ఆ గుహకు పో, ఈ పెట్టె తీసుకురా అని. ఇంకొక్క గుహ, ఇంకొక్క గుహ అంటూ తెల్లవారేది. మాలో ఒకరికి ఆ సెమిస్టరులో రెండు పేపర్లు పోయాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాడికి రెండు పేపర్లు పోవడమంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ వివరించనక్కర్లేదు. కంప్యూటర్‌ను పరీక్షలయ్యేదాకా పాత దుప్పట్లో చుట్టి అటక మీద పెట్టాం. పరీక్షలున్న నెలలో దీని జోలికి పోవద్దు. సెలవుల్లో అయితే మేమే ఆడమంటాం.

ఇంకొక్కటి మిగిలింది. 2012 ఫిబ్రవరిలో బెథెస్డా వాళ్ళు క్రియేషన్ కిట్ అనే పనిముట్టును ఉచితంగా ఇచ్చారు. దానితో ఎవరైనా ఆటలో తమకు కావలసిన మార్పులు చేసుకోవచ్చు. స్కైరిమ్ ఇన్నేళ్ళు బతికి ఉండడానికి సగం కారణం అదేనని మా ఉద్దేశం. పేపర్లు పోగొట్టుకున్న ఆ మిత్రుడే, అవి రాసి పాసయ్యాక, కిట్ తెరిచి కూర్చున్నాడు. ఇంటర్నెట్ సెంటర్ నుంచి పాఠాలు ప్రింటు తీయించుకుని నేర్చుకున్నాడు. ఆ లోకంలో ప్రతి మనిషికీ ఎప్పుడు లేవాలి, ఎక్కడ పనిచేయాలి, ఎక్కడ పడుకోవాలి అని రోజువారీ పట్టిక ఉంటుంది. స్కౌట్స్ మెనీ మార్షెస్ పట్టికలో పడుకునే చోటు మార్చి, గోడ లోపల సత్రంలో ఒక మంచం రాశాడు. రెండు రాత్రులు పట్టింది. మొదటి రాత్రి వాడు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఎక్కడో ఏదో కలపడం మరిచిపోయామట.

రెండో రాత్రి మూటలు దింపి, మెట్లెక్కి, గేటు తీసుకుని లోపలికి నడిచాడు. కాపలావాళ్ళు చూస్తూ ఊరుకున్నారు. సత్రంలోకి పోయి పడుకున్నాడు. మేమందరం పొద్దుపోయేదాకా కూర్చుని వాడు నిద్రపోవడం చూశాం. తెల్లారాక లేచి, మళ్ళీ రేవుకు పనికి పోయాడు. పట్టికలో ఆ భాగం మేము మార్చలేదు.