ఆ ‘మేము’లో మనం ఉన్నమా?

అమెరికా రాజ్యాంగం 1787లో రాసుకున్నరు. ‘ప్రజలమైన మేము’ అని మొదలైతది. అధికారం రాజు ఇచ్చింది కాదు, జనం ఇచ్చింది అని దానర్థం. పెత్తనం ఒక్కరి చేతిలో ఉండొద్దని చట్టసభ, ప్రెసిడెంటు, కోర్టులకు పంచిండ్రు. మంచి సూత్రమే. కానీ ఆ ‘మేము’లో ఆ నేల మొదటి బిడ్డలు లేరు. అక్కడి ఆదివాసులందరికీ పౌరసత్వం వచ్చింది 1924లో!

మన రాజ్యాంగమూ ‘భారత ప్రజలమైన మేము’ అనే మొదలైతది. పైగా ఐదో షెడ్యూల్ ఉంది, 1996 పెసా ఉంది, 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. అయినా 2019లో పాలమూరు, నల్లగొండల అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల యురేనియం అన్వేషణకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకున్నది. జనం కొట్లాడినంకనే, ఆ సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ వద్దని తీర్మానం చేసింది.

పులుల పేరు మీద చెంచు పెంటను తరలించాలన్నా, అక్కడి గ్రామసభ అన్నీ తెలుసుకుని ఇష్టంతో ఒప్పుకోవాలె. ఇది చట్టం. కానీ కూర్చోని గ్రామసభకు ఏ చట్టమూ బలమియ్యదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా! గ్రామసభ పెట్టించండి. తీర్మానం చదివి వినిపించినంకనే సంతకం పెట్టండి. కాపీ ఊర్లనే దాచుకోండి. ఢిల్లీ మాట మారొచ్చు, హైదరాబాద్ మాట మారొచ్చు. పెంట మాట పెంటలనే ఉండాలె.