విశేషమేమీ లేదు, ఊరికే వెళ్లాం

పెళ్లయిన ఇరవై ఏళ్లకి మొగుడూ పెళ్లాం ఇద్దరే కలిసి పార్కుకి బయల్దేరితే చుట్టుపక్కల నుంచి వచ్చే మొదటి ప్రశ్న, "ఏమిటి విశేషం? పెళ్లిరోజా?" గుడికి వెళ్తే ఎవరూ అడగరు. ఆస్పత్రికి వెళ్లినా, పెళ్లి పిలుపులకి వెళ్లినా అడగరు. చెట్ల కింద నడవడానికి వెళ్తే మాత్రం ఏదో కారణం చూపించాలి!

ఈమధ్య ఒక ఆదివారం మేమిద్దరం హుస్సేన్ సాగర్ ఒడ్డున ఉన్న సంజీవయ్య పార్కుకి వెళ్లాం. హైదరాబాదులో ఉంటున్నవాళ్లం కూడా దాన్ని నెక్లెస్ రోడ్డు మీద పోతూ పోతూ చూడటమే ఎక్కువ. 92 ఎకరాల తోట అది. 1960 నుంచి 1962 దాకా ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసిన దామోదరం సంజీవయ్యగారి పేరు పెట్టారు. ఆ రాష్ట్రానికి మొదటి దళిత ముఖ్యమంత్రి ఆయన. 2016లో నిలబెట్టిన 291 అడుగుల జెండా స్తంభం కూడా అక్కడే ఉంది. నీళ్ల మధ్యలో బుద్ధుడు కనిపిస్తాడు. 1990లో తీసుకెళ్తుండగా చెరువులో మునిగిపోయి, 1992లో మళ్లీ పైకొచ్చిన బుద్ధుడు.

ఇంటిల్లిపాదీ వెళ్లే పిక్నిక్ వేరు. దానికి ముందురోజు రాత్రే చింతపండు నానబెట్టాలి. పులిహోర, పెరుగన్నం, చాప, నీళ్ల సీసాలు అన్నీ సర్దాలి. అక్కడ అందరికీ వడ్డించి, మిగిలినవి మూటగట్టి, ఇంటికొచ్చి గిన్నెలు తోమాక, "ఇంతకీ చెరువు ఎలా ఉంది?" అంటే మనకి గుర్తుండదు. మీకూ అనుభవమే కదా?

ఇద్దరమే వెళ్లినప్పుడు కూడా మొదటి అరగంట ఫీజులు, గ్యాస్, నీళ్ల ట్యాంకరు గురించే మాట్లాడుకున్నాం. ఆ సంగతులు అయిపోయాక కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా ఆయన, చిన్నప్పుడు ఊరి చెరువులో తామరకాడ లాగబోయి కొత్త చెప్పు పోగొట్టుకున్న సంగతీ, ఇంటికెళ్లడానికి భయపడి ఆ రాత్రి మేనత్త ఇంట్లో పడుకున్న సంగతీ చెప్పారు. ఇన్నేళ్ల కాపురంలో నేనది వినలేదు. చెప్పడానికి ఆయనకి తీరిక, వినడానికి నాకు ఖాళీ చేతులు ఎప్పుడున్నాయి కనక!

2021లో ఇదే ఊళ్లో ఇందిరా పార్కు దగ్గర పెళ్లికాని జంటలకి ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. జనం తప్పుపట్టాక తీసేశారు. పెళ్లయిన జంటలకి అలాంటి బోర్డు ఎక్కడా లేదు. అయినా మనం గేటు దాకా కూడా వెళ్లం. "ఈ వయసులో మనకెందుకు?", "పిల్లల్ని వదిలేసి ఎలా?", "అత్తయ్యగారు ఏమనుకుంటారో?" అంటూ మన బోర్డు మనమే రాసుకుంటాం.

ఇబ్బందులు లేవని నేననను. ఇంట్లో మంచాన పడ్డ పెద్దవాళ్లుంటే గంట బయటికి రావడమే గగనం. ఎండాకాలం హుస్సేన్ సాగర్ గాలి కూడా అంత కమ్మగా ఏమీ ఉండదు. అందుకని ఆ పార్కుకే వెళ్లమనడం లేదు. ఊరి చెరువు గట్టయినా సరే. చేతిలో సంచి లేకుండా, ఇద్దరే వెళ్లండి, చాలు.

ఎందుకంటే పిల్లలు చదువులకీ ఉద్యోగాలకీ ఎగిరిపోయాక ఇంట్లో మిగిలేది ఈ ఇద్దరే. అన్నాళ్లూ సరుకుల చిట్టా తప్ప వేరే మాట లేకుండా బతికితే, అప్పుడు కూర్చోబెట్టి మాట్లాడుకోండంటే మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? నడక మానేస్తే మోకాళ్లు బిగుసుకుపోయినట్టే, మాట కూడా.

"ఏమిటి విశేషం?" అని అడిగేది చాలాసార్లు మన ఆడవాళ్లమే. పక్కింటి జంట సాయంత్రం తయారై మెట్లు దిగుతుంటే ఈసారి ఆ ప్రశ్న మానేద్దాం. ఎవరైనా మనల్నే అడిగితే, పెళ్లిరోజని అబద్ధం చెప్పకుండా, "విశేషమేమీ లేదు, ఊరికే" అనేద్దాం.