తాత రాసిన పుస్తకాలు, మనం రాసుకోని లెక్కలు



ఇవాళ డిసెంబర్ 4, నేవీ డే. 1971 యుద్ధంలో మన మిస్సైల్ బోట్లు కరాచీ రేవు మీద దాడి చేసిన రోజు. ఏటా ఈ రోజు మా తాత పొద్దున్నే స్నానం చేసి, ట్రంకుపెట్టెలోంచి మెడల్స్ తీసి, పాత పంచె ముక్కతో తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టేసేవాడు. ఎవరికీ చూపించేవాడు కాదు. ఈ ఏడు ఆ పని నేను చేశాను. తాత పోయి ఎనిమిది నెలలైంది.

మాది ఉద్దానం. ఇంట్లో ఆరుగురు పిల్లలు, తినడానికి చాలని మెట్ట. 1966లో తాత ఇంట్లో చెప్పకుండా రైలెక్కి విశాఖపట్నం పోయి నేవీలో చేరిపోయాడు. లోనావాలాలో ఇంజను పని నేర్పించారు. తర్వాత విక్రాంత్ మీద బాయిలర్ గదిలో డ్యూటీ.

గాజీ సంగతి మీ అందరికీ తెలుసు. విక్రాంత్‌ని ముంచాలని వచ్చిన ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్, డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ రేవు బయట తానే మునిగిపోయింది. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. 4వ తేదీ నుంచి దాని మీద విమానాలు లేచి కాక్స్‌బజార్, చిట్టగాంగ్ మీద బాంబులు వేశాయి. ఓడకి ఉన్న నాలుగు బాయిలర్లలో ఒకటి అప్పటికే పగులు పట్టింది. మిగతా వాటితోనే నెట్టుకొచ్చారు. "అక్కడ ఎలా ఉండేది తాతా?" అని ఎన్నిసార్లు అడిగినా "ఉక్కగా ఉండీది" అనేవాడు, అంతే.

పదిహేనేళ్ల సర్వీసు చేసి 1981లో పెన్షన్‌తో ఊరికొచ్చి కొబ్బరి, జీడి వేశాడు. నేవీ నుంచి ఒక అలవాటు మాత్రం వెంట తెచ్చుకున్నాడు. బాయిలర్ దగ్గర గంటగంటకీ ఆవిరి ప్రెషర్ ఎంత, నీళ్లు ఎంత అని రిజిస్టర్‌లో రాయాలట. అలాగే ఇంటి దగ్గరా రోజూ రాత్రి రెండు లైన్లు రాసేవాడు. వాన పడిందా లేదా, ఎన్ని కాయలు దించాం, ఎవరికి ఎంత ఇచ్చాం. ప్రతి కొబ్బరి చెట్టుకీ వరస నంబరు, చెట్టు నంబరు, మొక్క నాటిన ఏడు. ఊళ్లో అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ వచ్చింది. ఆ పూట మనకి ఏం మిగిలిందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా 140 కొబ్బరి చెట్లలో 118 పడిపోయాయి. నష్టం రాసేవాళ్లు వచ్చేసరికి దారికి, ఇంటికి అడ్డం పడ్డవి మేం నరికి తీసేశాం. "ఇక్కడ చెట్లున్నాయని ఏటి రుజువు?" అన్నారు. తాత లోపలికెళ్లి పుస్తకం తెచ్చి వాళ్ల ముందు పెట్టాడు. వరస ప్రకారం మొదళ్లు చూసుకుంటూ లెక్క పెట్టారు. ఒక్క చెట్టు తేడా రాలేదు. పక్క తోటల వాళ్లం నోటి లెక్క చెప్పాం, వాళ్లు తోచింది రాసుకుపోయారు. "చెప్పాం" అని ఎందుకన్నానంటే, నా వాటా జీడితోట లెక్క కూడా నోటి లెక్కే.

అయినా నాకు బుద్ధి రాలేదు. 2021లో వ్యాపారికి వేసిన జీడిపిక్కల లెక్క రాసుకోక నాలుగు బస్తాల డబ్బు పోగొట్టుకున్నాను. తాత తిట్టలేదు. "బుర్ర మర్చిపోద్ది, పుస్తకం మర్చిపోదురా" అన్నాడు.

మనం ఎందుకు రాయమో నాకు తెలుసు. టైం లేక కాదు. రెండు లైన్లకి రెండు నిమిషాలు చాలు. రాస్తే నష్టం కళ్లకి కనబడుతుందని మన భయం. ఎరువుకి ఎంత, కూలికి ఎంత, వడ్డీకి ఎంత అని కూడితే ఆ రాత్రి నిద్ర పట్టదు. ఇదే మాట తాతతో అన్నాను. "ముల్లు సూడకపోతే ప్రెషర్ తగ్గిపోద్దేటిరా? బాయిలర్ పేలిపోద్ది" అన్నాడు. అప్పు కూడా అంతే కదా. చూడకుండా వదిలేసిన అప్పే మన ఊళ్లలో ఇళ్లు కూల్చింది.

ఫోన్‌లో ఉంది కదా అంటారు. ఫోన్ బావిలో పడితే ఏం చేస్తారు? నలభై పేజీల నోటుబుక్కు కొనండి. మా తాతవి 43 పుస్తకాలు ఇప్పటికీ అటక మీద ఉన్నాయి.

రెండో మాట. తాత పోయాక నానమ్మకి ఫ్యామిలీ పెన్షన్ ఇబ్బంది లేకుండా వచ్చింది. కారణం, పెన్షన్ కాగితంలో, ఆధార్‌లో, బ్యాంకులో ఆమె పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉండేలా బతికుండగానే సరిచేయించాడు. మన వైపు మాజీ సైనికుల ఇళ్లు చాలా ఉన్నాయి. ఒక్క అక్షరం తేడాకి నెలల తరబడి తిరుగుతున్న ముసలమ్మలు నాకు తెలుసు. ఆ కాగితాలు ఇవాళే తీసి చూడండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి వెళ్లండి. నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ మర్చిపోకండి. సైనికులు లేని ఇళ్లలోనూ ఇదే పని ఉంది. చనిపోయిన తండ్రి పేరు మీదే పాస్‌బుక్కు ఉంచుకుని, పరిహారం వచ్చే వేళకి అన్నదమ్ములు కొట్టుకోవద్దు.

2016లో నేను బజాజ్ వి బండి కొన్నాను. విక్రాంత్‌ని విడగొట్టాక ఆ ఇనుము కొంత కలిపి చేసిన బండి అది. తాత ట్యాంకు మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఏం గుర్తొచ్చిందో నేను అడగలేదు. పొలం లెక్కలన్నీ రాసుకున్న మనిషి, ఆ ఓడ మీద బతుకు గురించి ఒక్క లైను రాయలేదు. అది అడిగి రాసుకోవాల్సింది నేను. రాసుకోలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ రాత్రి అన్నం తిన్నాక పక్కన కూర్చుని అడగండి. ఏ ఏడు వరదొచ్చింది, బావి ఎన్ని అడుగుల్లో పడింది, గట్టు ఎక్కడిదాకా మనది. మొదటి పేజీ అదే అవుతుంది.

ఉంటాను.