తుపాకీ పాటలో మనమెక్కడ?

ఈ మధ్య హన్మకొండలో ఒక సాహిత్య సభకి వెళ్లాను. పాట, హింస అన్న అంశం మీద మాట్లాడిన పెద్దలందరూ హిప్ హాప్‌ని దుమ్మెత్తిపోశారు. తుపాకులు, మత్తు, ఆడవాళ్ల మీద బూతులు తప్ప అందులో ఏముంది, అమెరికా నుంచి దిగుమతైన చెత్త అన్నారు. ఆ తర్వాత అదే వేదిక మీద ఒకాయన గొంగడి భుజాన వేసుకుని తుపాకీని కీర్తించే పాట ఎత్తుకున్నాడు. సభంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఇంటికొచ్చాకే ఆలోచనలో పడ్డాను.

ఆ తుపాకీ వేరు, ఈ తుపాకీ వేరు అంటారని తెలుసు. 1972లో మొదలైన జననాట్యమండలి పాట దొరతనం మీదా, ఎన్‌కౌంటర్ల మీదా పుట్టింది. 1985లో డాక్టర్ రామనాథంగారిని ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపిన ఊరు మాది. పాటలోకి తుపాకీ ఎందుకొచ్చిందని అడిగేంత అమాయకత్వం నాకు లేదు. కానీ 1988లో లాస్ ఏంజెలస్ దగ్గరి కాంప్టన్‌లో నల్లజాతి కుర్రాళ్లు కూడా పోలీసుల మీదే పాట కట్టారు. మరుసటి ఏడాది ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు వాళ్ల రికార్డు కంపెనీకి ఉత్తరం రాశాడు. 1996లో ర్యాప్ గాయకుడు టుపాక్ తూటాలకి బలయ్యాడు. 1997 ఏప్రిల్ 6న గద్దర్ మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా 2023లో చనిపోయేదాకా ఆయన వెన్నులోనే ఉండిపోయింది. కారణాలు వేరు కావచ్చు. కానీ తుపాకీ నీడలో బతికేవాళ్ల పాటలోకి తుపాకీ వస్తుంది. ఒకదాన్ని సంస్కృతి అనీ, ఇంకోదాన్ని చెత్త అనీ తేల్చెయ్యడం విమర్శ ఎలా అవుతుంది?

నా ప్రశ్న వేరు. ఈ రెండు పాటల్లోనూ స్త్రీ ఎక్కడుంది?

చాలా ర్యాప్ పాటల్లో ఆమె మగవాడు గెలుచుకున్న సొత్తు. మన పాటలో కొడుకు శవం మీద పడి ఏడ్చే తల్లి, అన్నని సాగనంపే చెల్లి. తుపాకీ పట్టిన అక్కా ఉంది, కాదనను. మల్లు స్వరాజ్యంగారు పాట పాడారు, తుపాకీ పట్టారు, దళాన్ని నడిపారు. కానీ 1951లో పోరాటం ఆగిపోయాక ఇళ్లకి వెళ్లిపొమ్మంటే ఆ అక్కలు పడ్డ వేదన నాకు ఆ పాటల్లో వినపడలేదు. దాన్ని వినడానికి 1986లో స్త్రీ శక్తి సంఘటన వాళ్లు 'మనకు తెలియని మన చరిత్ర' వెయ్యాల్సివచ్చింది. మొగుడి దెబ్బలూ, కట్నం చావులూ తుపాకీ పాటకి హింసగా ఆనలేదు.

అంతకంటే ప్రమాదం, ఆ తుపాకీ మన పేరు మీద పేలడం. 2008 డిసెంబర్‌లో మా ఊళ్లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. కొద్దిరోజుల్లోనే ముగ్గురు నిందితులూ 'ఎన్‌కౌంటర్'లో చనిపోయారు. ఏ మాట వింటే ఈ జిల్లాలో తల్లుల గుండెలు ఆగేవో, ఆ మాటకే ఊరు పండగ చేసుకుంది! పోలీసులకి పూలిచ్చింది. 2019లో షాద్‌నగర్ దగ్గర మళ్లీ అదే. ఆ అమ్మాయి కనపడటం లేదన్న ఫిర్యాదు తీసుకోవడంలో తాత్సారం చేశారని ముగ్గురు పోలీసులు సస్పెండయిన సంగతి ఆ చప్పట్లలో మరుగున పడింది. నిందితుల్ని చంపాలనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చినా ఎంతమంది పట్టించుకున్నారు? మగవాడు కాలుస్తాడు, ఆడదానికి న్యాయం జరుగుతుంది, కథ ముగుస్తుంది. ఈ కథని సినిమా పాటలు మనకి ఏళ్ల తరబడి నూరిపోశాయి.

అలాగని పాటల్ని నిషేధించమనను. 2022లో గాయకుడు సిద్ధూ మూసేవాలా హత్య జరిగిన ఏడాదే పంజాబ్ ప్రభుత్వం తుపాకుల్ని పొగిడే పాటల్ని నిషేధించింది. నిషేధం పాటలో మనకి చోటివ్వదు. ర్యాప్‌లోని స్త్రీ ద్వేషం నల్లవాడలో మొలిచింది కాదు, మొత్తం పితృస్వామ్య సమాజం విలువేనని 1994లోనే బెల్ హుక్స్ రాసింది. అలాగని ఆ కుర్రాళ్లని జవాబుదారీ నుంచి తప్పించలేదు. మన పాట విషయంలో మనకి ఆ ధైర్యం ఉందా?

చోటు ఎవరూ ఇవ్వరు, తీసుకోవాలి. వీధి వేధింపుల మీదా, ఇంట్లో దెబ్బల మీదా క్వీన్ లతీఫా 1993లోనే ర్యాప్ కట్టింది. 2020లో మేగన్ దీ స్టాలియన్ పాదాల మీద తోటి గాయకుడు కాల్చాడు. అబద్ధమన్నారు, హాస్యాలాడారు. తన మీద పేలిన తుపాకీ గురించి ఆమె తనే పాట కట్టి పాడింది. 2023లో అతనికి పదేళ్ల శిక్ష పడింది.

నా పిహెచ్.డి.లో వీరమాత మీద ఒక అధ్యాయమే ఉంది. పాటలోని తల్లి ఏడుపుని స్ఫూర్తి అని పొగిడాను. డాక్టరేటూ వచ్చింది. కొడుకు గురించి కాక తన గురించి ఆమెకేమైనా చెప్పాలనుందా అని మాత్రం అడగలేదు. హిప్ హాప్‌ని తిట్టే ముందు నేను తిరిగి రాయాల్సిన అధ్యాయం అది.