రాజీపడనిది ఎవరు?

ఈ మధ్య ఒక సీనియర్ మిత్రుడి ఇంట్లో నలుగురం కూర్చుని ఫ్రెంచి రాక్ బృందం ‘మాగ్మా’ ఆల్బమ్ ‘కార్తెల్’ విన్నాం. 2022 సెప్టెంబరులో వచ్చిన ఆల్బమ్ అది. విన్నంతసేపూ ఆయనది ఒకటే మాట. “యాభై ఏళ్ళుగా ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదమ్మా ఆ మనిషి. రాజీపడటం తెలీదు!” ఆ మనిషి అంటే క్రిస్టియన్ వాందెర్. కానీ గదినిండా మోగుతున్నవి ఎక్కువగా ఆడవాళ్ళ గొంతులు. వాళ్ళెవరని అడిగాను. “అది కోరస్” అన్నారాయన. ఆ ఒక్క మాటతో ఐదుగురు స్త్రీలు గోడలో కలిసిపోయారు.

వాందెర్ ప్రతిభను నేను తక్కువ చేయటం లేదు. 1969లో పారిస్‌లో ఈ బృందాన్ని మొదలుపెట్టిన డ్రమ్స్ వాద్యకారుడాయన. జాన్ కోల్ట్రేన్ సంగీతాన్ని గుండెల్లో పెట్టుకున్నవాడు. నశించిపోతున్న భూమిని వదిలి కోబయా అనే గ్రహానికి వెళ్ళిపోయిన మనుషుల కథ చెప్పాలనుకున్నాడు. తన సంగీతానికి ఫ్రెంచి చాలదని ఏకంగా ఒక భాషనే కల్పించాడు. 1970లో మొదటి ఆల్బమ్ వచ్చిన నాటి నుంచీ మార్కెట్టు అడిగింది ఇవ్వలేదు. ఇదంతా నిజమే. ఆ సంగీతం నాకిష్టం. ఇష్టం కాబట్టే ఈ తగాదా.

నా ప్రశ్న ఒక్కటే. ఈ రాజీలేనితనం ఎవరి భుజాల మీద నిలబడింది? 1973 నాటి ‘మెకానిక్ దెస్త్రుక్తివ్ కొమ్మాందో’ వినండి. ఒకే పలుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది, ప్రతిసారీ ఇంకొంచెం బిగుస్తుంది. శ్రుతి చెదరకుండా, ఊపిరి తడబడకుండా దాన్ని మోస్తున్నవి స్త్రీల గొంతులు కూడా. అవి తీసేస్తే ఆ కట్టడం నిలవదు. పునాదిని నేపథ్యం అనటం విమర్శ ఎలా అవుతుంది?

ఆ గొంతుల్లో ఒకటి స్టెల్లా వాందెర్‌ది. 1960లలో, ఇంకా చిన్న వయసులోనే, ఆమె ‘స్టెల్లా’ పేరుతో రికార్డులు చేసింది. అప్పటి ఫ్రెంచి యువతను ఊపేస్తున్న ‘యేయే’ పాటల్ని వెక్కిరించే పాటలవి. తనకంటూ ఒక పేరు, ఒక వెటకారం ఉన్న పిల్ల. డెబ్భైల మొదట్లో మాగ్మాలోకి వచ్చింది. వాందెర్‌తో దాంపత్యం ముగిసినా పాట ముగియలేదు. ‘కార్తెల్’లోనూ ఇసబెల్ ఫెయ్‌బ్వా, సిల్వీ ఫిసికెల్లా, లారా గ్వరాతో, కరోలిన్ ఇంద్జెన్‌లతో కలిసి పాడింది. యాభై ఏళ్ళు ఒకే కఠినమైన సంగీతాన్ని వదలకపోవటం ఆయన విషయంలో రాజీలేనితనం అయినప్పుడు, ఆమె విషయంలో ‘తోడ్పాటు’ ఎందుకయింది? దాన్ని త్యాగమని కూడా నేననను. త్యాగం అనే మాట మనకు చేసిన ద్రోహం చాలు.

“కూర్చింది ఆయనే కదా” అంటారు. ‘కార్తెల్’లో ఇతర సభ్యులు కూర్చిన పాటలకూ చోటుంది. అంతకుముందు 2019లో వచ్చిన ‘జెస్’లో వాందెర్ డ్రమ్స్‌ను మోర్గన్ ఒగ్రెన్‌కి అప్పగించి తాను పాడాడు. చోటు పంచటం ఆయనకు తెలుసు. తెలియనిది ఆయన భక్తులకే. వాళ్ళకు బృందం అక్కర్లేదు, ఒక ప్రవక్త కావాలి.

నన్ను ఈ సంగీతానికి కట్టిపడేసింది మరొకటి. ఇక్కడ పాడే స్త్రీ ప్రియురాలి వేషం వేయదు. ఎవరినీ లాలించదు, బతిమాలదు. ఆజ్ఞాపిస్తుంది, అరుస్తుంది, హెచ్చరిస్తుంది. కల్పిత భాష ఆమెకు ఆ వెసులుబాటు ఇచ్చింది. కానీ ఆ భాషకు ప్రాణం పోసింది ఎవరు? కాగితం మీద ఉన్నంతకాలం అది అక్షరాల కుప్ప. గొంతులోకి వచ్చాకే భాష అయింది. రాసినవాడికే భాష దక్కుతుందంటే, తిరగలి దగ్గరా నాట్లలోనూ పాటలు కట్టి పాడిన మన అవ్వలకు ఏం మిగులుతుంది?

ఇంతవరకూ వేలు ఫ్రాన్సు వైపు చూపించాను. ఇప్పుడు నా వైపు తిప్పుకోవాలి. నా డాక్టరేటు ఒక తెలుగు కవి మీద. ఆ సిద్ధాంత గ్రంథంలో ‘రాజీలేని’ అనే విశేషణం పదకొండుసార్లు వాడాను. మొన్న లెక్కపెట్టాను. ఆయన పుస్తకం ముందుమాటలో ఒక వాక్యం ఉంది. రాతప్రతులన్నీ భార్య సాపు రాసిందనీ, అచ్చు ఖర్చుకు ఆమె గాజులు అమ్మారనీ. ఆ వాక్యం చదివాను, ఉటంకించలేదు. నా పరిశోధనకు అది ‘అప్రస్తుతం’ అనిపించింది. ఆమె రాజీపడింది కాబట్టి ఆయన పడలేదన్న చిన్న లెక్క, స్త్రీవాదం చదువుకున్న నాకు తట్టలేదు. పర్యవేక్షకులు అడగలేదు. వైవాలో ఎవరూ అడగలేదు. నా మిత్రుడు ‘కోరస్’ అంటే నాకెందుకంత మండిందో ఇప్పుడు తెలుస్తోంది. ఆయన నా మాటే నాకు వినిపించారు.

అందుకే మనలో రాసేవాళ్ళనీ, పాఠాలు చెప్పేవాళ్ళనీ అడుగుతున్నాను. మగవాడి మొండితనానికి నీతి అనీ, ఆడదాని మొండితనానికి ఓర్పు అనీ పేరుపెట్టే విమర్శ భాషను ఇంకెన్నాళ్ళు అప్పు తెచ్చుకుందాం? ‘రాజీలేని’ అని రాసే ముందు, ఆ ఇంట్లో, ఆ బృందంలో, ఆ ఉద్యమంలో ఎవరెవరు ఏమేం భరించారో వెతుకుదాం. వాళ్ళ పేర్లు రాద్దాం.

నా గ్రంథం పుస్తకంగా వేసే పని ఇప్పుడు నడుస్తోంది. పదకొండు చోట్లా ఆ మాట కొట్టేయను, అది కూడా అబద్ధమే అవుతుంది. ఒక అధ్యాయం కలుపుతున్నాను. ఆ గాజుల దగ్గర మొదలుపెడతాను.