ఇరవై ఏళ్ల తర్వాత అన్న ముఖం

పదో తరగతి బ్యాచ్ పేరిట వాట్సాప్ గ్రూపు లేని ఊరు ఇప్పుడు తెలుగునాట అరుదేనేమో! మొదట ఆర్కుట్, 2014లో అది మూతపడేనాటికే ఫేస్‌బుక్, ఆపైన వాట్సాప్. ఎక్కడెక్కడో స్థిరపడ్డవాళ్లంతా మళ్లీ ఒక గూటికి చేరుతున్నారు. సంక్రాంతి సెలవుల్లో ఆత్మీయ సమ్మేళనం, గురువులకు శాలువాలు, గ్రూపు ఫొటో. సంతోషమే! కాని పలకరించడానికి మనం జంకే పేరు కూడా ఆ గ్రూపులో ఒకటి ఉంటుంది.

మాకూ ఉంది. హాస్టల్లో ఒకరి పెట్టెలోంచి డబ్బు పోతే, నింద ఒక పేద స్నేహితుడి మీద పడింది. అతను తీయలేదని మాకు తెలుసు. అయినా నోరు విప్పలేదు. అతను చదువు మానేసి వెళ్లిపోయాడు. ఈమధ్య ఎవరో అతని నంబరు గ్రూపులో చేర్చారు. అందరితోపాటు మేమూ ఒక నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నాం.

యాకోబుదీ ఇదే అవస్థ. చూపు మందగించిన తండ్రిని ఏమార్చి, అన్న ఏశావుకు దక్కాల్సిన ఆశీర్వాదాన్ని కాజేసి పారిపోయాడు. మామ లాబాను దగ్గర 20 ఏళ్లు గడిపి తిరిగి వస్తూ అన్నకు కబురు పంపాడు. ఏశావు 400 మందితో ఎదురొస్తున్నాడని తెలిసి వణికిపోయాడు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు కలిపి 550కి పైగా పశువులను కానుకగా ముందు నడిపించాడు, తాను మాత్రం వెనకే ఉండిపోయాడు! ఆ రాత్రి పెనూయేలు దగ్గర పెనుగులాటలో తొడ కీలు తప్పింది. తెల్లవారాక కుంటుకుంటూ అందరికంటే ముందు తానే నడిచి, ఏడుసార్లు నేలకు వంగాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి కౌగిలించుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

ఆ తర్వాత జరిగింది మనం అంతగా పట్టించుకోం. కలిసి వెళ్దామని ఏశావు అన్నా, యాకోబు మెల్లగా తప్పుకొని సుక్కోతు దారి పట్టాడు. మళ్లీ ఇద్దరూ కలిసి కనబడేది తండ్రి ఇస్సాకును సమాధి చేసినప్పుడే. పాత స్నేహం పాతలాగే తిరిగి దొరకాలనుకోవడం మన అత్యాశ. కొందరికి మన ముఖం మళ్లీ చూడటమే ఇష్టం లేకపోవచ్చు, అది వాళ్ల హక్కు. అంతమాత్రాన మన బాకీ మాఫీ అయిపోదు.

నింద పడింది నలుగురి ముందు గనుక నిజం కూడా ఆ గ్రూపులోనే చెప్పాలి. అయితే అతన్ని అడగకుండా పాత గాయాన్ని రేపే హక్కు మాకు లేదు. అందుకే ముందు అతనొక్కడికే ఫోన్ చేయాలనుకున్నాం. మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక రెండుసార్లు నంబరు నొక్కి, మోగకముందే ఆపేశాం. ఈ ఆదివారం మళ్లీ చేస్తాం.